ఎత్తుకు ఆధారం

సర్వక్రీడా గణన మండలి వారి మేడ కాలవ గట్టున ఉంది. కింద క్యాంటీను, దాని నెత్తిన మూడంతస్తులు, అన్నిటికీ కలిపి ఒక లిఫ్టు, ఆ లిఫ్టుకో ఆపరేటరు. క్యాంటీను బాగానే నడుస్తుంది, అంతస్తులు ఎలాగోలా నడుస్తాయి, ఆపరేటరు మోషే రోజూ ఇంటినుంచి నడిచే వస్తాడు. నడవనిది లిఫ్టొక్కటే. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ సరిగ్గా నడుమ అది ఆగిపోయిన నాడు మోషే తల నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు ముగ్గుబుట్ట.

బాగు చేయించొచ్చు కదా అంటారు. ఎవరు చేయించాలి? లిఫ్టు మా అంతస్తులో లేదని రెండో అంతస్తు వారు రాశారు. మా అంతస్తులోనూ లేదని మూడో అంతస్తు వారు రాశారు. రెండూ నిజమే. ఏ అంతస్తులోనూ లేని వస్తువుకి మరమ్మతు మంజూరు చేయడానికి ఏ అధికారికి మాత్రం చేతులొస్తాయి? అయినా ప్రతి దసరాకీ దాని జాలీ తలుపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టడం మానలేదు. మోషే ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషే గానీ ఆ గుమ్మడికాయ మాత్రం తనే మోసుకొచ్చేవాడు. లిఫ్టు తనది మరి.

ఈ లిఫ్టు మూలంగా ఎక్కువ బాధపడ్డవాడు వెంపరాల పేర్రాజు. మూడో అంతస్తులో ముసాయిదా విభాగానికి సూపరింటెండెంటు. పైనుంచి ఇంగ్లీషులో వచ్చినదాన్ని, ఇంగ్లీషే నయమనిపించే తెలుగులోకి దింపడం ఆయన పని. చేతులకి అలుపు లేదు, చిక్కంతా మోకాళ్లతోనే. మెట్టెక్కితే కుడి మోకాలు కిర్రుమనేది, దిగితే ఎడమది కిర్రుమనేది. ఇంటికెళ్లేసరికి భార్య మాణిక్యాంబ ఆముదం వెచ్చబెట్టుకుని గుమ్మంలోనే కూచునేది.

"ఆ కుర్చీ ఏదో కిందే వేయించుకోరాదుటండీ?" అనేది ఆవిడ.

వేయించుకోవాలనే ఆయన ప్రాణమంతా. క్యాంటీను పక్కన ఒక గది ఉంది. అందులో విరిగిన కుర్చీలు ఉంటాయి. ఆ గదిలోకి తనని మార్చమని పేర్రాజు అర్జీ పెట్టుకున్నాడు. "విరిగిన కుర్చీలను ఎచ్చటికి తరలింపవలెనో తేలిన పిమ్మట పరిశీలింపబడును" అని జవాబొచ్చింది. ఆ వాక్యం ముసాయిదా రాసింది పేర్రాజే. తన అర్జీకి తనే జవాబు రాసుకుని, బాగా కుదిరిందని ఒకసారి పైకి చదువుకుని మరీ సంతకానికి పంపాడు. అలవాటు అలాంటిది.

ఇక మండలి చేసే పనేమిటంటే, ఒక సాఫ్ట్‌వేరు. దాని పేరు సర్వక్రీడ. మామూలు ఆటల సాఫ్ట్‌వేరుకి ఒక్క ఆటే వస్తుంది. చదరంగం ఆడేదాన్ని అష్టాచెమ్మా ఆడమంటే తెల్లమొహం వేస్తుంది. సర్వక్రీడకి ఏ ఆటా రాదు. నియమాలు చెబితే చాలు, అప్పటికప్పుడు నేర్చుకుని ఆడేస్తుంది. ఏమీ రాకపోవడంలో అది ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా లాంటిదే. చెబితే నేర్చుకోవడంలోనే తేడా. దాన్ని సాకుతున్న పిల్ల రజియా, తణుకు నుంచి కాంట్రాక్టు మీద వచ్చింది. పేర్రాజుని బాబాయిగారూ అని పిలిచేది.

అంతా సజావుగా ఉండగా కార్యదర్శి గారు ఏదో చలిదేశంలో సదస్సుకి వెళ్లారు. అక్కడ మూడు బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి చదరంగం ఆడుతుంటే చూశారు. తిరిగొచ్చిన మర్నాడే, "మన ఆటలు ఇంకా ఎంతకాలం నేలబారుగా ఉండాలి?" అని సభలో గద్గదంగా అడిగి, సర్క్యులర్ పంపించారు. సర్వక్రీడలో ఇకమీదట పొడవు, వెడల్పులకే కాక ఎత్తుకి కూడా సపోర్టు ఉండాలట. ఉన్నదీ లేనిదీ పరీక్షించి, ధ్రువపత్రం పంపాలట.

అది పేర్రాజు బల్ల మీదికి వచ్చింది. అన్ని మాటలూ దిగాయి గానీ 'సపోర్టు' దగ్గర కలం ఆగింది. మద్దతు అందామనుకుంటే ఎన్నికల వాసన వేసింది. ఆసరా అంటే పింఛను వాసన. ఊత అనగానే తన మోకాళ్లే గుర్తొచ్చాయి. చివరికి నిండుగా ఉందని 'ఆధారము' వేశాడు.

"ప్రతి ఆటయందును ఎత్తుకు ఆధారము ఉండవలెను."

చదువుకున్నాడు. బాగా కుదిరింది.

కుదరడమే కొంప ముంచింది. తెలుగులో నిలువునా కొలిచేదీ ఎత్తే, బల్ల మీద పావు జరిపేదీ ఎత్తే. ఆ కాగితం సివిల్ ఇంజనీరు చదివి, ఎత్తుగా ఉన్నదేదో పడిపోకుండా చూడమంటున్నారని నాలుగు వెదురు గుంజలు తెచ్చి కంప్యూటరు బల్ల కింద బిగించి పోయాడు. ఆడిట్ ఆఫీసరు నాగలింగం చదివి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ చదివి, "ఇన్నాళ్లకి ఒక మంచి ఉత్తర్వు వచ్చింది. యంత్రం వేసే ప్రతి ఎత్తుకీ ఆధారం చూపించాల్సిందే," అన్నాడు.

రజియా లబలబలాడింది. "సార్, ఎత్తంటే హైటండి. ఆధారం అంటే... అయ్యో, ఆధారం కాదండి అది! మూడంతస్తుల బల్ల మీద కూడా ఆడగలగాలి, అంతేనండి." అని, పులిజూదాన్ని మూడు బల్లలుగా పేర్చి తెర మీద ఆడించి చూపించింది. పులిజూదం తెలిసిందే కదా. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. మేకలన్నీ చుట్టుముట్టి కదలకుండా కట్టేస్తే పులి ఓడిపోతుంది. సర్వక్రీడ చిటికెలో మూడంతస్తుల్లోనూ ఆడేసింది.

నాగలింగం లేచి వెళ్లి తెరకి అరచెయ్యి ఆనించాడు. కిందినుంచి పైకి నిమిరాడు.

"ఏదమ్మా ఎత్తు? పలకలా ఉంది."

"లోపల ఉన్నట్టు కనిపిస్తుందండి."

"కనిపించేదాన్ని ఆడిట్ ఒప్పుకోదు. లోను మీద కొన్న గేదెని ఫొటోలో చూసి ఒప్పుకుంటామా? పాకలోకెళ్లి తోక పట్టుకు చూస్తాం. ఎత్తు కూడా అంతే. భౌతిక ధ్రువీకరణ జరగాల్సిందే."

డైరెక్టరు త్రివిక్రమరావు గారికి ఈ మాట నచ్చింది. అసలే మూడడుగుల దేవుడి పేరు పెట్టుకున్న మనిషి. పైగా పదోన్నతి కాగితం కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. "మన మేడకి మూడంతస్తులున్నాయి. అంతకన్నా బల్ల ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. మర్నాటికల్లా మూడంతస్తుల్లోనూ ముగ్గుపిండితో పులిజూదం గీశారు. ఒక గీత జమాఖర్చుల విభాగం మధ్యనుంచి పోయింది. ఇంకో గీత బీరువా కిందికి దూరి అవతల తేలింది. పావులుగా సిబ్బందిని నిలబెట్టాలని తీర్మానమయింది. పులులెవరన్న దాని మీద చర్చే రాలేదు. డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, జమాఖర్చుల అధికారి తమంతట తామే పులి గడుల్లో నిలబడ్డారు. మేకలకి మెళ్లో అంకెల బిళ్లలు వేశారు. పేర్రాజు తొమ్మిదో మేక.

"ఏం పేర్రాజుగారూ, మేకల్లో కూడా సూపరింటెండెంటేనా?" అని పదో మేక వేళాకోళమాడాడు.

"మేకల్లో పెద్దనోయ్. తినేటప్పుడు ముందు నన్నే తినాలి," అన్నాడు పేర్రాజు. ఆ మాటే ముందు ముందు తను బతిమాలి అడగాల్సొస్తుందని అప్పటికి తెలియదు.

ఆట మొదలైంది. నాలుగో ఎత్తుకే పేచీ వచ్చింది. డైరెక్టరు పులి మూడో అంతస్తు నుంచి, రెండో అంతస్తు మేక మీంచి, మొదటి అంతస్తులోకి దూకాలని సర్వక్రీడ చెప్పింది. దూకడమంటే మెట్ల మీదుగా దిగి రావడమే. డైరెక్టరు గారు రొప్పుతూ దిగారు. నాగలింగం మెట్ల దగ్గర టేపు పెట్టి కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"చెల్లదండి. మెట్లు వాలుగా ఉన్నాయి. దిగేటప్పుడు తమరు ఎత్తులోనే కాదు, పొడవులో కూడా కదిలారు. మలుపు దగ్గర వెడల్పులో కూడా. వాలుని ఎత్తని రాస్తే రేపు నా పింఛను ఆగిపోతుంది."

"మరి స్వచ్ఛమైన ఎత్తు ఎక్కడ దొరుకుతుందయ్యా?" అన్నారు డైరెక్టరు గారు, చెమట తుడుచుకుంటూ, మళ్లీ పైకెక్కాలన్న భయంతో.

అందరూ లిఫ్టు వైపు చూశారు. మోషే స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పేర్రాజు ఆశగా మోకాళ్లు నిమురుకున్నాడు.

"అది ఏ అంతస్తులోనూ లేదు కదండీ, మంజూరు ఎవరివ్వాలి?" అన్నాడు ఇంజనీరు.

"అది ఇప్పుడు లిఫ్టు కాదయ్యా. ఆటబల్లకి మూడో కొలత. ఆటబల్ల మండలిది," అన్నారు డైరెక్టరు గారు.

ఆ వారంలోనే లిఫ్టుకి కొత్త తీగలు పడ్డాయి. అది కిర్రుమని కదిలి కిందికొచ్చి, మళ్లీ పైకెళ్లిన రోజున మోషే కళ్లు తుడుచుకున్నాడు. పేర్రాజు ఇంటికెళ్లి, "ఇక ఆముదం దాచెయ్యవే," అని మాణిక్యాంబతో చెప్పాడు.

పొద్దున్నే హుషారుగా వచ్చి లిఫ్టు ముందు నిలబడ్డాడు. తలుపు మీద ఒక ప్రకటన అంటించి ఉంది.

"ఇది ఆటబల్లయందలి భాగము. యంత్రము ఆదేశింపనిదే పావులు ఎక్కరాదు. పావులు కానివారు అసలే ఎక్కరాదు."

"ఏంట్రా మోషే ఇది?"

"ఆయ్, నన్నూ ఎక్కనివ్వటంలేదండి బాబూ. పావుని కాదంట. పైన మూడో అంతస్తులో మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడమన్నారు. ఏ గొడవొచ్చినా టక్కున ఆపెయ్యమన్నారు."

"మరి నేను పైకెళ్లాలి కదరా."

"మెట్లున్నాయి కదండీ. ఆఫీసుకి రావడం ఎత్తు కాదంట, హాజరంట."

పేర్రాజు మెట్లెక్కాడు. ఎక్కి మూడో అంతస్తులో తన గడిలో నిలబడ్డాడు. సరిగ్గా లిఫ్టు తలుపుకి ఎదురుగా ఉంది ఆ గడి. లిఫ్టు ఆయన కళ్లముందే పైకొచ్చేది, కిందికెళ్లేది. డైరెక్టరు పులి ఎక్కేది, దిగేది. పదో మేక ఎక్కాడు, పన్నెండో మేక దిగాడు. యంత్రం ఆయన్ని మాత్రం కదిలించలేదు.

"ఏంటమ్మా రజియా, నేనంటే దానికి కోపమా?"

"కోపం కాదు బాబాయిగారూ. మీరు కీలకమైన మేకండి. మీరు అక్కడ ఉన్నంతసేపూ పులులకి పైన దారి లేదు. మిమ్మల్ని చివరిదాకా దాస్తుంది."

ఇంకా బాధాకరమైన సంగతి ఒకటుంది. తినబడ్డ మేక బల్ల మీద ఉండకూడదు. బల్లంటే మూడంతస్తులు. కాబట్టి తినబడ్డవాడు ఆట అయిందాకా కింద క్యాంటీనులో కూచోవాలని నియమం. రోజురోజుకీ కింద మేకలు పెరుగుతున్నాయి. పెసరట్టు వాసన పైకొచ్చేది. వాళ్ల నవ్వులు వినిపించేవి. పులికి ఎదురెళ్లడమంటే వణికిపోయే సిబ్బంది, ఇప్పుడు "నన్ను తినండి సార్" అన్నట్టు డైరెక్టరు గారి చుట్టూ మెడలు చాపుకుని తిరుగుతున్నారు.

"అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది, నన్ను తినిపించు," అని పేర్రాజు బతిమాలాడు. "విరిగిన కుర్చీల గదైనా రాలేదు, క్యాంటీను బల్లయినా దక్కుతుంది."

"నేను చెబితే వినదండి అది. దానికి మీ మోకాళ్లు తెలీవు, నియమాలే తెలుసు."

"మోకాళ్లు నియమాల్లో రాయొచ్చుగా?"

"కార్యదర్శి గారు సర్క్యులర్ ఇస్తే రాస్తానండి. దాన్ని మళ్లీ మీరు తెలుగులోకి దింపుతారు," అని నవ్వింది రజియా. పేర్రాజుకి నవ్వు రాలేదు. ఒంగి మోకాలు రుద్దుకున్నాడు.

చివరికి ముగింపు రోజు వచ్చింది. స్వయంగా కార్యదర్శి గారే చూడ్డానికి వచ్చారు. రెండో అంతస్తులో ఆయనకి తెల్లగుడ్డ పరిచిన కుర్చీ వేశారు. అప్పటికి రెండు పులులు కట్టుబడిపోయాయి. డిప్యూటీ డైరెక్టరు బీరువాకీ గోడకీ మధ్య, జమాఖర్చుల అధికారి తన విభాగంలోనే ముగ్గురు గుమాస్తాల మధ్య. మిగిలింది డైరెక్టరు పులి. రెండో అంతస్తులో లిఫ్టు పక్క గడిలో, కార్యదర్శి గారికి ఎదురుగా, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంది. చుట్టూ మేకలున్నాయి. ఖాళీ ఒక్కటే. లిఫ్టు గడి.

సర్వక్రీడ చెప్పింది. రజియా గొంతు మేడంతా వినబడేలా చదివింది.

"తొమ్మిదో మేక, మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి. లిఫ్టు ద్వారా."

పేర్రాజుకి ముందు అర్థం కాలేదు. తర్వాత మొహం వెలిగిపోయింది. తలపాగా ఉన్నవాడైతే సర్దుకునేవాడే, లేదు గనక కండువా సర్దుకుని, పెళ్లిపీటల మీదికి వెళ్లినట్టు లిఫ్టులోకి అడుగుపెట్టాడు. లోపల మోషే పాత స్టూలు ఉంది. దాని మీద కూచున్నాడు. జాలీ తలుపు మూసుకుంది. లిఫ్టు దిగసాగింది. మోకాళ్లు కిర్రుమనలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన దిగుతున్నాడు, ఆయన మోకాళ్లు దిగడంలేదు.

కింద డైరెక్టరు గారు లెక్కేసుకున్నారు. ఆ గడిలోకి పేర్రాజు వస్తే తనకి కదలడానికి చోటుండదు. పేర్రాజు వెనక గోడే, దూకడానికీ వీల్లేదు. ఆట అయిపోతుంది. కార్యదర్శి గారి కళ్లముందు, పదోన్నతి కాగితం ఇంకా సంతకం కాకుండానే, ముసాయిదా సూపరింటెండెంటు చేతిలో తను కట్టుబడిపోతాడు.

"ఆగండి!" అని గర్జించారు. పులి కదా. "ఈ ఎత్తుకి ఆధారం ఏది?"

నాగలింగం ఉలిక్కిపడి లేచాడు. "నిజమేనండి! ఆధారం చూపేవరకూ ఎత్తు నిలుపుదల!"

మూడో అంతస్తులో మోషే టక్కున స్విచ్చి ఆపేశాడు. లిఫ్టు ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో చెప్పాలా? రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ సరిగ్గా నడుమ, దానికి అలవాటైన చోటే. మళ్లీ స్విచ్చి వేస్తే బుస్సుమంది గానీ కదల్లేదు.

సర్వక్రీడ తెర మీద ఒకటే ప్రశ్న వేస్తోంది. తొమ్మిదో మేక ఎక్కడ?

"మూడులో లేడండి," అని పైనుంచి మోషే అరిచాడు.

"రెండులోకి రాలేదు. కాబట్టి నేను కట్టుబడలేదు," అన్నారు డైరెక్టరు గారు.

"ఇంతకీ పరీక్ష నెగ్గిందా, లేదా?" అని కార్యదర్శి గారు చేతి గడియారం చూసుకున్నారు.

డైరెక్టరు గారు లిఫ్టు కిందికొచ్చి తలెత్తారు. పైన జాలీలోంచి పేర్రాజు చెప్పులు కనిపిస్తున్నాయి. ఆ చెప్పులకేసి చూస్తూ గొంతు తగ్గించి అన్నారు.

"పేర్రాజుగారూ, మీ అర్జీ నాకు గుర్తుందండి. విరిగిన కుర్చీల గది... రేపే ఖాళీ చేయిస్తాను. ఒక్క ముక్క అనండి. యంత్రం చెప్పకుండా పొరపాటున నేనే ఎక్కానని. అంతే, ఎత్తు రద్దు. మళ్లీ మొదటినుంచి ఆడుకుందాం."

ఏళ్ల తరబడి కలలోకొచ్చిన గది. పక్కనే పెసరట్టు. ఒక్క ముక్క అంటే చాలు. ఆ 'మళ్లీ మొదటినుంచి' అన్న మాటని ముసాయిదా విభాగం అలవాటు కొద్దీ పేర్రాజు మనసులో రెండోసారి చదువుకున్నాడు.

"మొదటినుంచి అంటే నేను మళ్లీ మూడో అంతస్తు గడిలో నిలబడాలి కదండీ?"

"అది... ఆట అయిందాకా. తర్వాత కిందే."

"అంటే మెట్లెక్కాలి. పొద్దున్నా సాయంత్రం."

"హాజరు కోసం, తప్పదు."

పేర్రాజు కాళ్లు చాపుకున్నాడు. స్టూలు చిన్నదే గానీ హాయిగా ఉంది.

"నేను అననండి. యంత్రం చెబితేనే ఎక్కాను. అబద్ధం ఆడినా మోకాళ్లు ఊరుకోవు."

డైరెక్టరు గారి మొహం కందగడ్డయింది. అంతలో నాగలింగం టేపు పట్టుకుని మెట్లమీద పైకీ కిందికీ తిరిగి, ఒక్కసారిగా చప్పట్లు చరిచాడు. ఉద్యోగంలో చేరాక ఆయన నవ్వడం అదే మొదలు.

"దొరికిందండీ! పై అంతస్తులో లేడు. కింది అంతస్తులో లేడు. అయినా ఉన్నాడు! రెండింటి నడుమ ఉండేదేమిటి? ఎత్తే కదా! తోక పట్టుకు చూసినంత రుజువు. ఎత్తుకి ఆధారం ఆయనే!"

కార్యదర్శి గారు ఆనందంతో డైరెక్టరు గారి చెయ్యి పట్టి ఊపేశారు. తను ఓడకుండానే పరీక్ష నెగ్గిందన్న మాట డైరెక్టరు గారికి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. తట్టగానే పులికి మళ్లీ ఛాతీ వచ్చింది. అక్కడికక్కడే ధ్రువపత్రం తయారైంది. సర్వక్రీడలో ఎత్తుకి ఆధారం కలదనియు, ఎత్తు దిశయందు కదలిక సక్రమముగా ఉన్నదనియు, ఆధారమును తదుపరి ఉత్తర్వుల వరకు ఉన్నచోటనే భద్రపరచవలెననియు అందులో ఉంది. పదోన్నతి కాగితం మీద కూడా సంతకం అయిపోయింది. క్యాంటీను నుంచి మేకలందరికీ పెసరట్లు వచ్చాయి. పేర్రాజుకి జాలీలోంచి చుట్టచుట్టి అందించారు. అల్లం పచ్చడి మాత్రం జాలీకే అంటుకుంది.

మధ్యాహ్నం దాటాక మోషే మూడో అంతస్తులో బోర్లా పడుకుని, జాలీ పై సందులోంచి ఒక కాగితం లోపలికి వదిలాడు.

"ఏంట్రా, నిచ్చెన సంగతా?"

"కాదండి బాబూ. తమరి అర్జీకి జవాబంట. డైరెక్టరు గారు వెళ్తూ వెళ్తూ సంతకం చేసిపోయారండి."

పేర్రాజు విప్పి చదివాడు. తను లేకుండా ఎవరో రాశారు గానీ ఫరవాలేదు, బాగానే కుదిరింది.

"కార్యాలయపు లిఫ్టు సక్రమముగా పనిచేయుచున్నట్లు ధ్రువపడినందున, కింది అంతస్తులో స్థానము కోరుచు తాము పెట్టుకున్న అర్జీ ఇందుమూలముగా ముగింపబడినది."

రెండుసార్లు చదివాడు. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. మోకాలు నొప్పి పెట్టలేదు.

"అందినట్టు సంతకం కావాలంటండి," అన్నాడు మోషే, పైనుంచి పెన్ను వేలాడదీస్తూ.

పేర్రాజు పెన్ను అందుకున్నాడు. అందినది అని రాశాడు. దాని కింద అంతస్తు అని అచ్చేసి, పక్కన ఖాళీ వదిలి ఉంది. కలం అక్కడ ఆగింది.

"ఒరే మోషే, నువ్వు లిఫ్టు మనిషివి, నీకే తెలియాలి. ఏ అంతస్తని రాయనురా?"